కొరొనాడోలో 1888 నాటి హోటల్: రూమ్ తీసుకోకుండా ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు శాన్ డియేగో వెళ్దామన్నాను. "అక్కడేముందిరా?" అన్నారు నాన్న. ఒక పాత హోటల్ ఉందని చెప్పాను. "హోటల్ చూడ్డానికి ఇంత దూరమా!" అని నవ్వారు. తీరా వెళ్లాక ఆ లాబీలోంచి కదలనన్నది ఆయనే.

దాని పేరు హోటల్ డెల్ కొరొనాడో. కాలిఫోర్నియాలో, శాన్ డియేగో నగరానికి నీళ్లకి అవతలి గట్టున ఉన్న కొరొనాడో అనే ఊళ్లో ఉంది. ఊళ్లోవాళ్లు ముద్దుగా "ద డెల్" అంటారు. తెల్లటి కలప గోడలు, ఎర్రటి కప్పు, సముద్రం వైపు శంకువు ఆకారపు గోపురం. 1887 మార్చిలో పని మొదలుపెట్టి, 1888 ఫిబ్రవరికల్లా అతిథులకు తలుపులు తెరిచారు. దాని వెనక కథ వింటే మనవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. ఎలైషా బాబ్‌కాక్, హాంప్టన్ స్టోరీ అనే ఇద్దరు 1885లో ఇక్కడి బీడు భూమిని 1,10,000 డాలర్లకు కొన్నారు. ప్లాట్లు వేశారు. 1886 నవంబరులో వేలం పెట్టి అమ్మారు. పెద్ద హోటల్ వస్తోందని ఆశ చూపించి ప్లాట్లు అమ్మడం, ఆ డబ్బుతో హోటల్ కట్టడం! హైదరాబాద్ శివార్లలో ఇలాంటి బ్రోచర్లు ఎన్ని చూడలేదు? తేడా ఏమిటంటే వీళ్లు నిజంగానే కట్టారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అక్కడ ఒక రాత్రి ఉండాలంటే కొన్ని వందల డాలర్లవుతుంది. దానిపైన రిసార్ట్ ఫీజు, పార్కింగ్ వేరే. నన్నడిగితే ఆ ఖర్చు అక్కర్లేదు. లాబీ, దుకాణాలు, రెస్టారెంట్లు, తోట, ముందున్న వరండా ఎవరైనా చూడొచ్చు. స్విమ్మింగ్ పూల్ ఒక్కటే బస చేసేవాళ్లకు. బీచ్ ఎలాగూ పబ్లిక్‌ది.

ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్ నెలల్లో వెళ్తే ఉదయమంతా మబ్బుగా ఉంటుంది. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎండ రాదు. స్థానికులు దీన్ని "మే గ్రే", "జూన్ గ్లూమ్" అంటారు. కాలిఫోర్నియా అంటే ఎండే కదా అని పల్చటి బట్టలతో వచ్చేవాళ్లు వణుకుతూ షాపులో స్వెట్టర్ కొనుక్కోవడం చూశాను. సెప్టెంబరు, అక్టోబరు హాయిగా ఉంటాయి. పెద్దవాళ్లుంటే నెల ఏదైనా శాలువా ఒకటి సంచిలో పడేయండి. సాయంత్రం గాలి చల్లగా వీస్తుంది.

వెళ్లే ముందు రోజు ఇంకో పని మర్చిపోవద్దు. శాన్ డియేగో కౌంటీ వెబ్‌సైట్‌లో బీచ్ నీళ్ల పరిస్థితి చూడండి. మెక్సికో వైపు టిహువానా నది మోసుకొచ్చే మురుగు వల్ల కొన్ని రోజులు ఇక్కడ నీళ్లలోకి దిగనివ్వరు. అలాంటప్పుడు తీరంలో బోర్డులు పెడతారు. ఇసుకలో నడవడానికి ఇబ్బంది లేదు, పిల్లల్ని మాత్రం నీళ్లలోకి వదలకండి.

ఎలా చేరుకోవాలి

కారులో వస్తే 1969లో కట్టిన కొరొనాడో వంతెన మీదుగా రావాలి. రెండు మైళ్లకు పైగా పొడవు, మధ్యలో పెద్ద మలుపు, కింద నౌకాదళం ఓడలు పట్టేంత ఎత్తు, దాదాపు 200 అడుగులు. టోల్ 2002లోనే తీసేశారు. హోటల్లో పార్కింగ్ ఖరీదు ఎక్కువ. ఓషన్ బులెవార్డ్ వెంట రోడ్డు పక్కన ఉచితంగానే పెట్టుకోవచ్చు కానీ శని, ఆదివారాల్లో పది దాటితే చోటు దొరకదు.

నా సలహా మాత్రం ఫెర్రీ. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి వచ్చేవాళ్లు పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రైలెక్కి శాన్ డియేగో స్టేషన్, అంటే శాంటా ఫే డిపోలో దిగాలి. దారిలో శాన్ క్లెమెంటే దగ్గర కొండచరియలు విరిగిపడి ఒక్కోసారి రైళ్లు ఆగుతాయి కాబట్టి ముందు రోజు రాత్రి చూసుకోండి. స్టేషన్ నుంచి బ్రాడ్‌వే పియర్ నడిచే దూరమే. అక్కడ ఫెర్రీ ఎక్కితే పావుగంటలో అవతలి గట్టు. ఈ పావుగంటే పిల్లలకు అన్నిటికంటే నచ్చుతుంది. ఒకవైపు నగరం, ఇంకోవైపు యుద్ధనౌకలు.

దిగాక ఫెర్రీ ల్యాండింగ్ నుంచి హోటల్ దాదాపు మైలున్నర. నడవగలిగితే ఆరెంజ్ అవెన్యూ వెంట నడవండి, లేదంటే 904 నంబరు బస్సుంది. పేరులో ఆరెంజ్ ఉన్నా నారింజ చెట్టు ఒక్కటీ కనిపించదు. మొదట్లో నాటినవాటి బెరడును కుందేళ్లు కొరికేశాయని చెప్పుకుంటారు.

హోటల్ లోపల ఏం చూడాలి, ఏ క్రమంలో

గబగబా ఫోటోలు తీసుకుని బీచ్‌కి పరిగెత్తకండి. అందరూ చేసే తప్పు అదే. ముందు హోటల్ ఎదురుగా లాన్ దగ్గర నిలబడి బయటి నుంచి చూడండి. అక్కడే డ్రాగన్ ట్రీ అనే వింత చెట్టుంటుంది, తిరగేసిన గొడుగులా. ఆ తర్వాత వరండా మీదుగా లాబీలోకి. 2019 నుంచి 2025 దాకా సాగిన మరమ్మతుల్లో పాత వరండాను తిరిగి కట్టి, లాబీని మొదటి రూపానికి దగ్గరగా తెచ్చారు.

లాబీలో కాసేపు కూర్చోండి. ముదురు రంగు చెక్క పలకలు, పెద్ద షాండ్లియర్, మూలగా పంజరంలాంటి ఇత్తడి లిఫ్టు. మా అమ్మ స్తంభం మీద చెయ్యి పెట్టి, వేళ్లతో రెండుసార్లు తట్టి, "సముద్రపు గాలికి ఇంత కొయ్య చెదలు పట్టలేదట్రా?" అంది. చాలా మంచి ప్రశ్న. ఆ కాలంలో అమెరికా తీరాల్లో ఇలాంటి చెక్క హోటళ్లు చాలానే ఉండేవి. చాలావాటిని మంటలు మింగేశాయి, కొన్నిటిని కూల్చేశారు. ఇది నిలబడింది. 1977లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.

వీలుంటే క్రౌన్ రూమ్‌లోకి తొంగి చూడండి. ఒకప్పుడు ఇదే భోజనశాల. 33 అడుగుల ఎత్తున, షుగర్ పైన్ కలపతో, ఒక్క మేకు కూడా కొట్టకుండా అమర్చిన పైకప్పు. పడవను బోర్లించినట్టు ఉంటుంది. అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా విమానం నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్‌కి 1927లో ఈ హోటల్లోనే విందు ఇచ్చారు. పెళ్లిళ్లూ మీటింగులూ ఉన్న రోజు ఆ గది మూసి ఉంటుంది, కాబట్టి ఆశ పెట్టుకోకండి. కొరొనాడో హిస్టారికల్ అసోసియేషన్ వాళ్ల గైడెడ్ టూర్ ముందే బుక్ చేసుకుంటే తిరగడం తేలిక. వాళ్ల మ్యూజియం కూడా ఆరెంజ్ అవెన్యూలోనే ఉంది.

దెయ్యం కథ కూడా చెప్తారు. 1892 నవంబరులో కేట్ మోర్గన్ అనే యువతి వేరే పేరుతో దిగి, అయిదు రోజుల తర్వాత బీచ్‌కి దిగే మెట్ల మీద చనిపోయి కనిపించింది. ఆమె ఉన్న గది ఇప్పుడు 3327. అది కావాలని అడిగి మరీ తీసుకునేవాళ్లున్నారట. ఒంటరిగా చనిపోయిన పాతికేళ్ల పిల్లని వినోదం చేసుకోవడం నాకు నచ్చదు, మీ ఇష్టం.

ఉండి తీరాలనే అనుకుంటే ఒక్క జాగ్రత్త. బుక్ చేసేటప్పుడు "విక్టోరియన్" భవనం అని ఉందో లేదో చూడండి. లేకపోతే అదే ఆవరణలో తర్వాత కట్టిన కొత్త బ్లాకుల్లో ఇస్తారు. పాత భవనంలో గదులు చిన్నవి, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. కానీ దానికోసమేగా వెళ్లేది.

భోజనం, బీచ్

హోటల్లో తింటే జేబు ఖాళీ. కాఫీ ఒకటి తాగి బయటపడండి. మేం పులిహోర, చేగోడీలు కట్టుకెళ్లి స్ప్రెకెల్స్ పార్కులో చెట్ల కింద తిన్నాం. 1890 నాటికే ఈ హోటల్ పగ్గాలు పట్టిన జాన్ స్ప్రెకెల్స్ పేరే ఆ పార్కుకి. ఆయన సొంత భవనం హోటల్‌కి ఎదురుగానే ఉంది, ఇప్పుడది గ్లోరియెటా బే ఇన్. డబ్బున్నవాళ్లు హోటల్లో దిగితే, మామూలు జనానికి పక్కనే ఇసుకలో డేరాలు వేసి అద్దెకిచ్చేవారు. టెంట్ సిటీ అనేవారు దాన్ని, 1939 దాకా నడిచింది. బీచ్‌లో మద్యం, గాజు సీసాలు కుదరవు.

మాది బందరు. మంగినపూడి బీచ్‌లో నల్లమట్టి తొక్కి పెరిగినవాళ్లకి ఈ ఇసుక వింతే. నాన్న వంగి గుప్పెడు తీసుకున్నారు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయాక అరచేతిలో బంగారు పొడిలా మిగిలింది. "ఇది అభ్రకం రా. గూడూరు గనుల్లో తీసేది ఇదే" అన్నారు. నిజమే, మైకా. కాసేపు ఆ చేతిని ఎండకి అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు.

నీళ్లు చల్లగా ఉంటాయి. ఆగస్టులో కూడా 20 డిగ్రీల దగ్గరే, విశాఖ నీళ్లలా అనుకుని దూకకండి. నౌకాదళం హెలికాప్టర్లు అప్పుడప్పుడు నెత్తి మీదుగా వెళ్తాయి, చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు. దక్షిణం వైపు చూస్తే సీల్స్ (నౌకాదళం కమాండోలు) శిక్షణలో ఉన్న కుర్రాళ్లు పడవలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తడం కనిపించవచ్చు.

సూర్యాస్తమయం దాకా ఉండండి. బంగాళాఖాతం పక్కన పుట్టినవాళ్లకి సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడమే తెలుసు. ఇక్కడ నీళ్లలో మునుగుతాడు. చలికాలంలో అయితే నేరుగా సముద్రంలోకే, వేసవిలో పాయింట్ లోమా కొండ వెనక్కి. డిసెంబరులో పావుతక్కువ అయిదుకే అయిపోతుంది, ఆలస్యంగా వెళ్లి ఉసూరుమనకండి.

"ఇదేంట్రా, తిరగబడినట్టుంది" అంది అమ్మ, శాలువా బిగించుకుంటూ.

తిరుగు ప్రయాణానికి ఆఖరి ఫెర్రీ ఎప్పుడో పొద్దున్న దిగేటప్పుడే బోర్డు మీద చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మామూలు రోజుల్లో తొందరగా ఆపేస్తారు. తప్పిపోతే టెన్షన్ వద్దు, 901 బస్సు వంతెన మీదుగా డౌన్‌టౌన్‌కి వెళ్తుంది. నగరం కనిపించే ఎడమవైపు కిటికీ అమ్మకివ్వండి.