కౌంటీ పార్టీలో కుమ్ములాట మొదలైతే ఎన్నిక ఎటు పోతుందో అంచనా వేయడం ఎలా?

"కౌంటీ డెమొక్రాట్లలో చీలిక", "రిపబ్లికన్ ఛైర్మన్‌పై తిరుగుబాటు" లాంటి వార్తలు న్యూజెర్సీలో ఏటా వసంతంలో వస్తూనే ఉంటాయి. చదివిన వెంటనే "ఇక ఆ పార్టీ పని అయిపోయింది" అనుకుంటాం. చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు మాత్రం సీటు నిజంగానే చేజారుతుంది. ఆ తేడా ముందే పట్టుకోవడానికి కొంచెం ఓపిక, ఒక కాగితం, కౌంటీ క్లర్క్ ప్రచురించే ఫలితాల పట్టికలు ఉంటే చాలు. ఎడిసన్ చుట్టుపక్కల మిడిల్‌సెక్స్ కౌంటీలో ఓటు హక్కు వచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి న్యూజెర్సీ లెక్కలతోనే చెబుతున్నాం. వేరే రాష్ట్రాల్లో తేదీలు, నియమాలు మారతాయి.

ముందుగా ఒక సంగతి. కౌంటీ కమిషనర్ల బోర్డును మన జిల్లా పరిషత్‌తో పోల్చుకోవచ్చు. కానీ రోడ్లు, వంతెనలు, పార్కులతో పాటు ఆస్తి పన్నులో కౌంటీ వాటా ఎంతో తేల్చేది కూడా వీళ్లే. అందుకే ఆ కుర్చీలకు అంత గిరాకీ. 2020 దాకా వీళ్లను ఫ్రీహోల్డర్లు అనేవారు, 2021 జనవరి 1 నుంచి కమిషనర్లయ్యారు. మన దగ్గర బీ-ఫారం చేతిలో ఉన్న నాయకుడిదే టికెట్. అక్కడ బీ-ఫారం లేదు. సరిపడా సంతకాలు తెచ్చుకుంటే ఎవరైనా పార్టీ ప్రైమరీలో (నవంబర్ ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే జూన్ పోలింగ్) నిలబడొచ్చు, కౌంటీ పార్టీ ఛైర్మన్ ఆపలేడు. ఈ ఒక్క తేడా మరిచిపోతే మిగతా అంచనా అంతా తప్పుతుంది.

1. గొడవ దేని కోసమో తేల్చండి

మూడు రకాలు. ఛైర్మన్ కుర్చీ కోసం, ప్రైమరీలో పార్టీ మద్దతు కోసం, మధ్యలో ఖాళీ అయిన సీటు కోసం.

ఛైర్మన్ ఎన్నికలో ఓటు మామూలు జనానికి ఉండదు, కౌంటీ కమిటీ (ఆ పార్టీ స్థానిక ప్రతినిధుల సంఘం) సభ్యులకే ఉంటుంది. ఓషన్ కౌంటీ రిపబ్లికన్లలో 2022లో జార్జ్ గిల్మోర్, షెరిఫ్ మైకేల్ మాస్ట్రోనార్డీ ఛైర్మన్ పదవి కోసం తలపడ్డారు. గిల్మోర్ నెగ్గాడు. అంత రచ్చ జరిగినా నవంబర్‌లో ఆ కౌంటీ ఎప్పటిలాగే రిపబ్లికన్లదే అయింది. ఇంటిగొడవ వీధి దాకా రాలేదన్నమాట. మధ్యలో కమిషనర్ రాజీనామా చేసినా, చనిపోయినా ఆ పార్టీ కౌంటీ కమిటీయే 35 రోజుల్లో వారసుణ్ణి ఎన్నుకుంటుంది. ఇక్కడా ఓటర్లకు పని లేదు. నవంబర్‌ను కదిలించగలిగేది ఎక్కువగా రెండో రకమే.

2. కౌంటీ మొగ్గు ఎంతో లెక్క కట్టండి

క్రితం మూడు, నాలుగు నవంబర్లలో కమిషనర్ పోటీకి వచ్చిన ఓట్లు రాసుకోండి. గవర్నర్, అధ్యక్షుడు తెచ్చుకున్న ఓట్లు కాదు, కమిషనర్ ఓట్లే. అధ్యక్ష ఎన్నికల ఏడాదిని మామూలు ఏడాదితో పోల్చకండి, పోలింగ్ స్థాయే వేరు. తేడా 15 శాతానికి మించి ఉంటే అసలు ఎన్నిక జూన్‌లోనే అయిపోయినట్టు. 5 శాతం లోపు ఉంటే పార్టీలో ప్రతి అలకకూ విలువ ఉంటుంది.

బోర్డు ఎలా ఎన్నికవుతుందో కూడా చూడాలి. మిడిల్‌సెక్స్‌లో 7గురు కమిషనర్లు, అందరూ కౌంటీ మొత్తం మీద ఎన్నికవుతారు, ఏటా కొన్ని సీట్లే పోటీకి వస్తాయి. హడ్సన్‌లో 9 మంది, ఒక్కొక్కరికీ ఒక్కో నియోజకవర్గం, మూడేళ్లకోసారి అన్నీ ఒకేసారి. అందుకే హడ్సన్‌లో తగాదా అంటే సాధారణంగా ఫలానా ఊరి మేయర్‌కూ ఫలానా ఊరి మేయర్‌కూ మధ్య తగాదా. అక్కడ కౌంటీ మొత్తం సగటు పట్టుకుంటే ఉపయోగం లేదు, ఆ నియోజకవర్గం లెక్కే తీయాలి.

3. తలలు లెక్కపెట్టండి

కౌంటీ కమిటీకి ఒక్కో పోలింగ్ జిల్లా (మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది) నుంచి ఇద్దరు సభ్యులు ఉంటారు. కాగితం మీద వందల సీట్లు, అందులో ఖాళీలు బోలెడు. మొత్తం సీట్లలో సగం ఎంతో చూస్తే మోసపోతారు, నిండిన సీట్లలో సగం ఎంతో చూడాలి. ఖాళీలను ఎవరు నింపుతున్నారో కనిపెట్టండి. ఎన్నికకు ముందు గుట్టుగా తన మనుషుల్ని కమిటీలోకి తెచ్చుకుంటున్న వర్గానిదే పైచేయి. పత్రికా ప్రకటనలు ఇచ్చేవాళ్లకంటే ఈ పని చేసేవాళ్లకే ఎక్కువ మార్కులు వేయండి.

తర్వాత పార్టీ మద్దతు ఎలా నిర్ణయిస్తారో అడగండి. ఛైర్మన్ ఒక్కడే తేలుస్తాడా, చేతులెత్తి ఓటేస్తారా, రహస్య బ్యాలెట్టా? 2024లో అమెరికా సెనేట్‌కు డెమొక్రాటిక్ అభ్యర్థి ఎవరన్న పోటీలో ఈ తేడా కళ్లకు కట్టింది. అప్పటి గవర్నర్ భార్య టామీ మర్ఫీకి పెద్ద కౌంటీల ఛైర్మన్లు వరసగా మద్దతు పలికారు. ఫిబ్రవరిలో ఆవిడ సొంత కౌంటీ మాన్మత్‌లో రహస్య బ్యాలెట్ పెట్టేసరికి ఆవిడ ప్రత్యర్థి ఆండీ కిమ్ గెలిచాడు. మార్చి చివర్లో ఆవిడ పోటీ నుంచే తప్పుకున్నారు. ఛైర్మన్ మాట, సభ్యుల మనసు ఒకటి కాదని తెలిసేది ఇలాంటి చోటే.

4. బ్యాలెట్ కాగితం మారిందని గుర్తుంచుకోండి

పాత అంచనాలన్నీ తలకిందులయ్యేది ఇక్కడే. ఇదివరకు 21 కౌంటీల్లో 19 చోట్ల (సేలం, ససెక్స్ తప్ప) 'కౌంటీ లైన్' ఉండేది. పార్టీ మద్దతున్న అభ్యర్థులంతా, సెనేట్ నుంచి ఊరి కౌన్సిల్ దాకా, ఒకే వరసలో పైనుంచి కిందికి కనిపించేవారు. రెబల్ పేరు ఎక్కడో మూలన పడేది. ఓటరు చెయ్యి సహజంగానే లైన్ మీదికి పోయేది. కిమ్ కోర్టుకెక్కాడు. 2024 మార్చి 29న ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ ఆ ఏడాది డెమొక్రాటిక్ ప్రైమరీకి లైన్‌ను ఆపేశారు. 2025 మార్చిలో చట్టమే మారింది. ఇప్పుడు ఏ పదవికి ఆ పదవి డబ్బా, అందులో పోటీదారులందరూ పక్కపక్కనే.

అంటే 2024కు ముందు ప్రైమరీ ఫలితాలు చూపించి "రెబల్స్ ఎప్పుడూ ఓడిపోతారు" అంటే నమ్మకండి. అలాగని పార్టీ బలం పోయిందనీ అనుకోవద్దు. పేరు పక్కన పార్టీ మద్దతును తెలిపే నినాదం ఉంటుంది, ఇంటింటికీ తిరిగే మనుషులుంటారు. జనానికి పేరు తెలియని కమిషనర్ పోటీలో ఆ నినాదమే సగం ప్రచారం.

5. తేదీలు రాసుకోండి

ప్రైమరీ నామినేషన్లు మార్చి నాలుగో వారం దాకా. ఆ రోజు సాయంత్రానికి పేపర్లు వేయని రెబల్ బెదిరింపులను పక్కన పెట్టేయొచ్చు. ఒక పార్టీ సభ్యుడు ఇంకో పార్టీ ప్రైమరీలో ఓటేయాలంటే 55 రోజుల ముందే మారాలి. ఏ పార్టీలోనూ లేనివాళ్లు మాత్రం ప్రైమరీ రోజున బూత్‌లోనే చేరి ఓటేయొచ్చు. గట్టి పోటీలో ఫలితాన్ని అటూఇటూ చేసేది తరచుగా వీళ్లే. స్వతంత్రుడిగా నిలబడాలనుకుంటే ప్రైమరీ రోజు సాయంత్రం 4 గంటలలోగా కాగితాలు ఇవ్వాలి. ప్రైమరీలో ఓడాక "ఇండిపెండెంట్‌గా దిగుతా" అనడానికి దారి లేదు. మన రాష్ట్రాల రెబల్ రాజకీయం అలవాటైనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ చోటే.

6. డబ్బు

న్యూజెర్సీ ఎన్నికల చట్ట అమలు కమిషన్‌కు అభ్యర్థులు ఎన్నికకు 29 రోజుల ముందు, 11 రోజుల ముందు, అయ్యాక 20 రోజులకు లెక్కలు ఇస్తారు. మొత్తం ఎంతన్నది పెద్ద విషయం కాదు. కౌంటీ పార్టీకి ఏటా ఇచ్చే దాతలు ఈసారి ఎటు మళ్లారో, లేక ఇవ్వడం మానేశారో చూడండి. అయితే డబ్బుకే లొంగిపోవద్దు. గ్లోస్టర్ కౌంటీ బోర్డుకు ఏళ్లపాటు నాయకత్వం వహించి, రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడిగా ఎదిగిన స్టీవ్ స్వీనీని 2021లో చాలా తక్కువ ఖర్చు పెట్టిన ఎడ్వర్డ్ డర్ అనే ట్రక్ డ్రైవర్ ఓడించాడు.

7. చివరి లెక్క

ఉదాహరణకు ఒక పార్టీ క్రితంసారి 52,000 – 48,000 తేడాతో గెలిచిందనుకోండి. ఆధిక్యం 4,000. ఈసారి ప్రైమరీలో ఓడిన వర్గానికి 12,000 ఓట్లు వచ్చాయి. అలిగి ఇంట్లో కూర్చున్న ఓటు ఆధిక్యాన్ని ఒకటి తగ్గిస్తుంది. అవతలి పార్టీకి పడిన ఓటు రెండు తగ్గిస్తుంది. అంటే ఆ 12,000లో మూడో వంతు ఇంట్లో కూర్చుంటే, లేదా ఆరో వంతు క్రాస్ అయితే, సీటు సమానానికి వచ్చేస్తుంది. ఇదే కౌంటీలో ఆధిక్యం 30,000 ఉంటే ఆ 12,000 మంది అంతా ఎదుటి పార్టీకి ఓటేసినా ఇంకా 6,000 మిగులుతుంది. మీ కౌంటీ అంకెలు ఇందులో పెట్టి చూసుకోండి.

ఆ వర్గం ఎంతవరకు అలుగుతుందో ఎలా తెలుస్తుంది? ప్రైమరీ అయిన రెండు మూడు వారాల్లో బుజ్జగింపులు జరిగాయా, ఓడినవాళ్లు గెలిచినవాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగారా, వాళ్ల మనుషులకు కౌంటీ పదవులు దక్కాయా అన్నది గమనించండి. సెప్టెంబర్ దాటినా మౌనంగానే ఉంటే అది నిజమైన చీలికే.

ఎన్నికయ్యాక కూడా ఒక పని ఉంది. మూడు సీట్లుంటే ఓటరుకు మూడు ఓట్లు ఉంటాయి. ఒకే పార్టీ అభ్యర్థులకు 50,000, 49,700 వచ్చి మూడో వ్యక్తికి 44,000 వచ్చాయంటే అతని ఓట్లకు కోత పడినట్టే. కొద్దిపాటి తేడా మామూలే, బ్యాలెట్‌లో పేరు ముందూ వెనకా ఉండటం వల్ల కూడా వస్తుంది. ఇంత తేడా మాత్రం ఊరికే రాదు. కోత ఏ ఊళ్లలో పడిందో పోలింగ్ జిల్లాలవారీ పట్టికలో దొరుకుతుంది, దాన్ని వచ్చే ఏడాది లెక్క కోసం దాచుకోండి. ఎన్నికల రోజు తేదీతో పోస్టు ముద్ర పడిన బ్యాలెట్లు ఆ తర్వాత 6 రోజుల దాకా వచ్చినా లెక్కలోకి వస్తాయి కాబట్టి, మొదటి రాత్రి అంకెలను పెన్సిల్‌తోనే రాసుకోండి.