బ్యాండ్‌లో ఎవరి మాట చెల్లాలి? విడిపోకుండా తేల్చుకోవడం ఎలా?

2013 దసరాకి ఒడిశాలోని బరంపురంలో ఒక పందిరి దగ్గర మా రాక్ బ్యాండ్‌కి షో ఉంది, అడ్వాన్స్ కూడా తీసేసుకున్నాం. సరిగ్గా అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇంక పందిరీ లేదు, కరెంటూ లేదు. కొన్నాళ్లకి కమిటీవాళ్లు అడ్వాన్స్ వెనక్కి అడిగారు. ఇచ్చేద్దామని గిటార్ వాడు, ఆ డబ్బుతో సింబల్ (డ్రమ్స్‌తో పాటు కొట్టే ఇత్తడి పళ్లెం) కొనేశానని డ్రమ్స్ వాడు, నేను బేస్ గిటార్ వాయిస్తాను కాబట్టి మామూలుగానే నన్నెవరూ అడగలేదు. నెల రోజులు ఒకరి ఫోన్ ఒకరు ఎత్తలేదు. అలాంటి విషయం ఎవరు తేల్చాలో మేం అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు, అందరం ఫ్రెండ్సే కదా అని వదిలేశాం.

మేం ఐదుగురం, ముగ్గురు తెలుగువాళ్లం, ఇద్దరు ఒడియావాళ్లు. ఇప్పటికీ కలిసే వాయిస్తున్నాం. ఆ గొడవ తర్వాత మెల్లగా కుదుర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు గొడవల లిస్టు రాయండి

లీడర్ ఎవరు అన్న దగ్గర మొదలుపెట్టకండి, అక్కడే ఆగిపోతారు. గత ఆరు నెలల్లో దేని మీద మాటామాటా అనుకున్నారో అందరూ కూర్చుని కాగితం మీద పెట్టండి. మాకైతే ఇవి వచ్చాయి: తెలుగు పాటలెన్ని ఒడియా పాటలెన్ని, బేరం ఎవరు మాట్లాడాలి, రాయగడ షోకి వ్యాన్ ఎన్నింటికి కదలాలి, ఆంప్లిఫయర్ రిపేరు ఖర్చు ఎవరిది. సగం చిన్న విషయాలే, కానీ పదేళ్లు పేరుకుంటే బ్యాండ్‌ని మింగేసేవి అవే.

2. లిస్టుని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప, ఒక్కరే తేల్చేవి. సౌండ్ సంగతి మిక్సర్ తెలిసినవాడిది, బేరం నోరున్నవాడిది. మిగతావాళ్లు సణుక్కోవచ్చు, మార్చకూడదు. స్టేజీ మీద ఓటింగు ఉండదు, మా సింగర్ చెయ్యి ఎత్తితే పాట ఆగాలి, అంతే.

రెండో కుప్ప, ఐదుగురిలో ముగ్గురు సరే అంటే జరిగిపోయేవి. ఫలానా షో ఒప్పుకోవాలా, ఉమ్మడి డబ్బుతో ఏం కొనాలి, రెండేళ్లకోసారి వచ్చే బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర సీజన్‌లో ప్రాక్టీసు ఎప్పుడు, ఇలాంటివి.

మూడో కుప్పలో ఒక్కరు వద్దన్నా ఆగిపోయేవి ఉంటాయి. కొత్తవాణ్ని తీసుకోవడం, ఉన్నవాణ్ని పంపడం, పేరు, అప్పు, రాక్ వదిలేసి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాగా మారడం. ఇది మా సొంత తెలివేం కాదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 12వ సెక్షన్ దాదాపు ఇదే చెప్తుంది: వేరే ఒప్పందం లేకపోతే మామూలు విషయాలు ఎక్కువమంది మాట మీద తేల్చుకోవచ్చు, కానీ తేల్చేముందు ప్రతివాడి అభిప్రాయం వినాలి, వ్యాపారం తీరే మార్చాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి.

మూడో కుప్పలో ఉండాల్సిందాన్ని రెండో కుప్పలో పడేస్తే ఏమవుతుందో బీటిల్స్‌ని చూస్తే తెలుస్తుంది. 1969లో అలన్ క్లెయిన్ మేనేజర్‌గా కావాలని ముగ్గురు, వద్దని పాల్ మెకార్ట్నీ. ముగ్గురి మాటే నెగ్గింది. 1970 డిసెంబర్ 31న మెకార్ట్నీ భాగస్వామ్యం రద్దు చేయమని కోర్టుకెక్కాడు. ఓట్లు గెలిచినవాళ్లకి చివరికి ఏం మిగిలిందో మీరే చెప్పండి. అదే అమెరికా బ్యాండ్ ఆర్‌ఈఎంలో నలుగురూ, ఏ ఒక్కరు వద్దన్నా ఆ పని ఆపేద్దాం అనుకున్నారు, 1980లో మొదలైన బ్యాండ్ 2011 దాకా నడిచింది.

అలాగని అన్నీ సమానంగా పంచేస్తే మంచిదనుకోకండి. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్‌లో పాటలన్నీ దాదాపు జాన్ ఫోగర్టీవే, పెత్తనమూ అతనిదే, అది భరించలేక సొంత అన్నే 1971లో బయటికెళ్లాడు. తర్వాతి ఆల్బమ్‌లో మిగిలిన ముగ్గురూ తలా కొన్ని పాటలు రాసి పాడారు, అదే చివరిదైంది, 1972లోనే విడిపోయారు. మాట అందరికీ ఉండాలి నిజమే, చేతకాని పని పంచితే మాత్రం ఎవరికీ లాభం లేదు.

3. డబ్బు లెక్క పాట పుట్టకముందే

క్వీన్ బ్యాండ్ వాళ్లది వింత కథ. 1975లో బొహీమియన్ రాప్సొడీ సింగిల్‌గా వచ్చినప్పుడు వెనకవైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట పెట్టారు. రికార్డు కొన్నవాడు రెండువైపులా కొన్నట్టే కదా, బొహీమియన్ రాప్సొడీ రాసిన సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీతో సమానంగా టేలర్‌కీ రాయల్టీ వచ్చింది. ఆ మంట చాలా ఏళ్లు ఉంది, 1989 ఆల్బమ్‌కి గానీ పాటలన్నీ బ్యాండ్ పేరు మీద వేయలేదు. ఐర్లండ్ బ్యాండ్ యూటూ (U2) వాళ్లు మొదట్నుంచీ సమానంగా పంచుకున్నారు.

మేం వ్యాన్, సౌండ్ ఖర్చు తీసి, కొంత ఉమ్మడి డబ్బాలో వేసి, మిగిలింది ఐదు భాగాలు చేస్తాం. రాసినవాడికి ఎక్కువ ఇస్తామంటే ఇచ్చుకోండి, ముందే కాగితం మీద పెట్టండి చాలు.

4. మీటింగులో చిన్నవాడితో మొదలుపెట్టండి

మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. మా కీబోర్డు ఆయన అందరికంటే పెద్ద, ఒడియావారు, అందరం భాయినా (ఒడియాలో అన్నయ్య) అంటాం. భాయినా ముందు మాట్లాడితే ఇంక మీటింగు అయిపోయినట్టే, పెద్దాయన మాట ఎలా కాదంటాం అని తలాడించేసి బయట టీ కొట్టు దగ్గర తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు చిన్నవాడు ముందు, భాయినా ఆఖరు. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి నోరెత్తకూడదు. షో అయిన రాత్రి మాత్రం మీటింగు పెట్టకండి, చెవులు గింగురుమంటుంటాయి, ఆకలి, నిద్ర, ప్రతి మాటా గుచ్చుకుంటుంది.

5. వెళ్లిపోయే దారి కూడా రాసుకోండి

పేరు ఎవరికి, సామాను ఎవరికి, వెళ్లినవాడి పాటలు మిగతావాళ్లు వాయించవచ్చా. బాగున్న రోజుల్లో అయితే పదిహేను నిమిషాల పని.

ఇంతకీ ఆ అడ్వాన్స్ తలా కొంత వేసుకుని తిరిగిచ్చేశాం. సింబల్ అంచు మొన్న చీలింది. కొత్తది కొనాలా అన్నది రెండో కుప్ప, ఆదివారం తేలుతుంది.