స్త్రీల మైత్రిలో మహిళా బిషప్పుల సంగతి ఎట్ల చెప్పాలె

మా హన్మకొండ స్త్రీల మైత్రి (చర్చి ఆడోళ్ల సంఘం) కూడికల ఈ పాఠం చెప్పేటప్పుడు నేను కాగితాలు పంచను. మూడు స్టీలు పళ్లాలు, సంచెడు చింతగింజలు తీసుకపోత. మీరూ అట్లనే చెయ్యండి.

ముందు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ రాజ్యంతో ముడిపడ్డ సంఘమని చెప్పండి. 26 మంది బిషప్పులు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభల కూర్చుంటరు. సంఘం చట్టానికి పార్లమెంటు ఒప్పుకోవాలె.

స్త్రీలు బిషప్పులు కావచ్చా అని 2012 నవంబర్ 20న ఆ సంఘం పాలక సభ సినడ్‌ల బిషప్పులు, పాదిరులు, విశ్వాసులు మూడు సభలుగ వేర్వేరుగ ఓటేసిన్రు. ఒక్కో సభకు ఒక పళ్లెం. ప్రతి సభల మూడింట రెండు వంతులు కావాలె. మొదటి రెండు పళ్లాలు గెలిచినయని నోటితో చెప్తే చాలు. మూడో పళ్లెంల గింజలు ఒక పెద్దమ్మతోని లెక్కపెట్టించండి: ఔనని 132, కాదని 74. మూడింట రెండు వంతులు కాలే, తీర్మానం ఓడింది. తొందరపెట్టకండి. కాదన్న కుప్పల నుంచి ఆరు గింజలు తీసి ఇటు వెయ్యమనండి. 138 అయితయి, గెలుపు. ఆరే గింజలు! నేను చెప్పిన్నాడు ఆమె ఆ ఆరింటిని గుప్పిట్లనే పట్టుకొని కూర్చున్నది.

తర్వాత ఒత్తిడి మాట. మరునాడే బ్రిటన్ ప్రధాని కామెరాన్ సంఘం కాలంతో నడవాలన్నడు. ఇక్కడ ఆగి అడగండి: "మన సంఘానికి ముఖ్యమంత్రి గిట్ల చెప్తే ఊకుంటమా అక్కా?" స్త్రీలు బిషప్పులు కావాలనే నా ప్రార్థన. కానీ ఆ తీర్మానం ఆరాధించేటోళ్ల నుంచే రావాలె. 2014 జూలైల సినడ్ ఒప్పుకున్నది. 2015 జనవరిల లిబీ లేన్ ఆ సంఘంల తొలి మహిళా బిషప్ అయ్యింది.

అంతకుముందే, 2013ల, మన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నంద్యాల డయాసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి, పుష్పలలితమ్మ గారు బిషప్ అయిన్రు. ఈ మాట నిదానంగ, వెనుక వరుసల ఆడపిల్లల దిక్కు చూసి చెప్పండి.