చెయిర్‌లిఫ్ట్ దిగేటప్పుడు పడిపోకుండా

స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది వాలు దాకా వెళ్లకుండానే, చెయిర్‌లిఫ్ట్ (కొండ పైకి తీసుకెళ్లే, తాడుకు వేలాడే కుర్చీలు) దిగే చోటే బోర్లా పడతారు.

క్యూలో ఉండగానే పోల్స్ (చేతికర్రలు) పట్టీలు మణికట్టు నుంచి తీసేసి, రెండు పోల్స్ ఒకే చేత్తో పట్టుకోండి. బ్యాగు వీపు మీంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. దాని పట్టీ కుర్చీకి చిక్కితే దిగలేక వేలాడాల్సి వస్తుంది, ఇది నిజంగా ప్రమాదం. పైన బార్ ఎత్తమనే సూచన బోర్డు కనబడగానే, ముందు అడ్డంగా ఉండే ఆ బార్ ఎత్తి, స్కీల ముందు కొసలు పైకి లేపి ఉంచండి. స్కీలు మంచుకు ఆనాక, దిగే గీత దగ్గర మాత్రమే లేవండి. కుర్చీ వెనక నుంచి నెడుతుంది, ఆ ఊపుతోనే నేరుగా జారి పక్కకు తప్పుకోండి. పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటే ఇద్దరూ పడతారు!

కుర్చీలు తాడుకు శాశ్వతంగా బిగించి ఉండే పాతరకం లిఫ్టులు స్టేషన్‌లో వాటంతటవే నెమ్మదించవు. ఎక్కేముందే ఆపరేటర్‌కి "ఫస్ట్ టైమ్" అని చెప్తే వేగం తగ్గిస్తారు.

గీత దాటిపోతే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. దూకొద్దు, కూర్చునే ఉండండి. ముందున్న సేఫ్టీ గేటు తగలగానే లిఫ్ట్ ఆగుతుంది. స్నోబోర్డ్ అయితే వెనక కాలు బైండింగ్ (బూటును బోర్డుకు బిగించే పట్టీ) నుంచి ముందే విప్పుకోవాలి.