పాత స్పీకర్‌కు కొత్త పెట్టె: రంపం పట్టే ముందు కొలవండి

పాత రేడియోలోనో, రికార్డ్ ప్లేయర్ అడుగునో దొరికిన స్పీకర్‌కు కొత్త పెట్టె చేయాలనుకునేవారిలో చాలామంది ముందుగా చెక్క కోస్తారు. చేతిలో ఉన్న ప్లైవుడ్ ముక్కను బట్టి, గదిలో ఉన్న చోటును బట్టి పెట్టె కొలతలు నిర్ణయించి, ఆ తరువాత స్పీకర్‌ను అందులో బిగిస్తారు. అప్పుడు బాస్ అయితే కుండలో మాట్లాడినట్టు గుమ్మని మోగుతుంది, లేకపోతే అసలే వినిపించదు. ఆ తప్పు స్పీకర్‌ది కాదు. ఒక స్పీకర్ వెనుక ఎంత గాలి ఉండాలో దాని కోన్ (ముందుకూ వెనక్కూ ఊగి ధ్వని పుట్టించే గరాటు లాంటి భాగం) బరువు, కోన్‌ను పట్టి ఉంచే అంచు బిగువు, అయస్కాంతం బలం కలిసి నిర్ణయిస్తాయి. వాటి ప్రభావాన్ని ఇంట్లోనే, మామూలు పరికరాలతో కొలవవచ్చు. చెక్క జోలికి వెళ్లే ముందు ఒక సాయంత్రాన్ని ఆ కొలతలకు కేటాయించండి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

అయస్కాంత క్షేత్రంలో కదిలే కాయిల్ కోన్‌ను నేరుగా ఊపే స్పీకర్‌కు స్థిరమైన రూపం ఇచ్చినవారు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారి పరిశోధన పత్రం 1925లో వెలువడింది. ఆ సూత్రం నేటికీ మారలేదు కాబట్టే అరవై ఏళ్ల నాటి స్పీకర్ ఇవాళ్టి యాంప్లిఫయర్‌తో కూడా చక్కగా పలుకుతుంది. పైగా అప్పటి యాంప్లిఫయర్లు కొద్ది వాట్లే ఇచ్చేవి కనుక, ఆ కొద్దిపాటి శక్తితోనే గది నిండేలా పలకడానికి తేలికైన కాగితపు కోన్‌లు వాడేవారు. పాత స్పీకర్లలో మనిషి గొంతు అంత దగ్గరగా, తేటగా వినిపించడానికి ఆ తేలికదనం ఒక ప్రధాన కారణమని నా నమ్మకం.

తొలి దశాబ్దాలలో బలమైన శాశ్వత అయస్కాంతాలు లేనందున, అయస్కాంతం స్థానంలో పెద్ద తీగచుట్టను అమర్చి దానికి విద్యుత్తు పంపేవారు. దీనిని ఫీల్డ్ కాయిల్ అంటారు. స్పీకర్ వెనుక లావుపాటి చుట్ట, దాని నుంచి అదనంగా రెండు తీగలు కనిపిస్తే అది ఈ రకమే. దానికి విడిగా డీసీ సరఫరా కావాలి, ఆ సరఫరా చాలాసార్లు వంద వోల్టులు దాటుతుంది; అందుచేత మొదటి ప్రయత్నానికి దానిని తీసుకోవద్దు. తరువాత వచ్చిన ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంత లోహం) స్పీకర్లలో అయస్కాంతం చిన్న డబ్బాలాగా లేదా గుర్రపు నాడాలాంటి ఇనుప పట్టీ మధ్య కనిపిస్తుంది. నల్లటి చదునైన వలయం ఉంటే అది ఫెర్రైట్ అనే పింగాణీ లాంటి అయస్కాంతం. ఈ రెండూ పనికివస్తాయి. అయితే ఆల్నికో అయస్కాంతాన్ని దాని ఇనుప చట్రం నుంచి ఎట్టి పరిస్థితిలోనూ విడదీయకండి. విడదీస్తే అది తన బలంలో పెద్ద భాగాన్ని కోల్పోతుంది, తిరిగి బిగించినా ఆ బలం రాదు.

విడి భాగాల కోసం పాత పరికరాన్ని విప్పేటప్పుడు ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఒకటి ఉంది. వాల్వ్ (గాజు ట్యూబు) రేడియోలోని కెపాసిటర్లు ప్లగ్ తీసేసిన తరువాత కూడా ప్రమాదకరమైన వోల్టేజీని నిలుపుకోగలవు. పిక్చర్ ట్యూబ్ ఉన్న టెలివిజన్‌లో ఆ వోల్టేజీ వేలల్లో ఉంటుంది. ఈ రెంటినీ విప్పి అనుభవం లేనివారు, అప్పటికే విడదీసి ఉంచిన స్పీకర్లనే తెచ్చుకోవాలి.

స్పీకర్ ఫ్రేమ్‌కు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగించి ఉంటే, అది వాల్వ్‌లకు, కాయిల్‌కు మధ్య పొంతన కుదర్చడానికి పెట్టినది. దాని తీగలను విప్పి, వాయిస్ కాయిల్ (కోన్‌ను ఊపే కాయిల్) కొసలనే నేరుగా వాడుకోవాలి. స్టీరియో కావాలనుకుంటే ఒకే నమూనా స్పీకర్లు రెండు దొరికే వరకు ఆగండి. చూడటానికి ఒకేలా ఉన్న వేరువేరు నమూనాలు కుడి ఎడమల్లో ఎన్నడూ ఒకేలా పలకవు.

మొదటి పరీక్షలు

మల్టీమీటర్‌ను ఓంలలో పెట్టి కాయిల్ కొసల మధ్య నిరోధం చూడండి. 8 ఓంల స్పీకర్ సుమారు 6 ఓంలు చూపుతుంది. మీటర్ చూపే డీసీ నిరోధం ఎప్పుడూ పేర్కొన్న ఇంపీడెన్స్ (ధ్వని సంకేతానికి స్పీకర్ చూపే నిరోధం) కన్నా కొంత తక్కువగానే ఉంటుంది. పాత బ్రిటిష్ స్పీకర్లలో 3 ఓంలు, 15 ఓంలు సాధారణం. 3 ఓంల స్పీకర్‌ను నేటి యాంప్లిఫయర్‌కు కలిపే ముందు, ఆ యాంప్లిఫయర్ అంత తక్కువ ఇంపీడెన్స్‌ను తట్టుకోగలదో లేదో చూసుకోవాలి. మీటర్ ఏమీ చూపకపోతే కాయిల్ కాలిపోయిందని వెంటనే తేల్చేయకండి. కోన్ నుంచి ఫ్రేమ్‌కు వచ్చే మెత్తని జడతీగ తెగి ఉండటమే అంతకన్నా ఎక్కువగా జరుగుతుంది, దానిని తిరిగి సోల్డర్ చేయవచ్చు.

తరువాత రెండు చేతుల వేళ్లను కోన్ మీద ఎదురెదురుగా ఆనించి, సమానమైన ఒత్తిడితో నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టుకుని వింటే ఏ రాపిడీ వినిపించకూడదు. గరగర వినిపిస్తే కాయిల్ పక్కకు జరిగినా జరిగి ఉండవచ్చు, సందులో ఇనుప రజను చేరినా చేరి ఉండవచ్చు. రజనును అంటుకునే టేపు కొసతో తీయవచ్చు కానీ, జరిగిన కాయిల్‌ను సరిచేయడం కొత్తవారి పని కాదు.

చివరగా 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. కోన్ ముందుకు వచ్చినప్పుడు బ్యాటరీ పాజిటివ్ ఏ కొసకు తగిలి ఉందో దానికి ఎర్ర చుక్క పెట్టండి. తయారీదారు పెట్టిన గుర్తు ఉన్నా ఈ పరీక్ష మానవద్దు, ఎందుకంటే కొన్ని పాత స్పీకర్లలో ఆ గుర్తు నేటి పద్ధతికి విరుద్ధంగా ఉంటుంది.

కోన్, అంచుల మరమ్మత్తు

కోన్ చుట్టూ ఉన్న అంచు మడతల కాగితమో, గుడ్డో అయితే అది దశాబ్దాల తరువాత కూడా బాగానే ఉంటుంది. 1970ల నుంచి విరివిగా వచ్చిన ఫోమ్ అంచులు మాత్రం పది పదిహేను ఏళ్లు దాటాక తాకితే పొడి అయిపోతాయి. అలాంటి స్పీకర్‌ను పారేయనవసరం లేదు, సరైన వ్యాసంలో కొత్త ఫోమ్ అంచు తెచ్చి అతికించవచ్చు. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తబరచి, కోన్ కాగితం చిరగకుండా ఓపికగా గీకి తీయాలి. కొత్త అంచును ముందు కోన్‌కు అతికించి పూర్తిగా ఆరనివ్వాలి. ఫ్రేమ్‌కు అతికించేటప్పుడు, జిగురు పచ్చిగా ఉండగానే 30 హెర్ట్జ్ ధ్వనిని చాలా తక్కువ స్థాయిలో పంపి, రాపిడి వినిపించిన వైపు నుంచి కోన్‌ను వెంట్రుకవాసి జరుపుతూ మధ్యకు తేవాలి. ఈ అరగంటలో తొందరపడితే చేసిన పనంతా వృథా అవుతుంది.

కోన్‌లో చిన్న చిరుగులుంటే, పల్చని టిష్యూ కాగితం ముక్కను నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో వెనుకవైపు అతికిస్తే చాలు. లావు కాగితం, గట్టిపడే ఎపాక్సీ వాడితే కోన్ ఒకవైపు బరువెక్కుతుంది.

అసలు కొలతలు

ఏళ్లతరబడి కదలని అంచు బిగుసుకుపోయి ఉంటుంది కనుక, కొలిచే ముందు గంటసేపు తక్కువ స్థాయిలో సంగీతం వినిపించి దానిని సడలనివ్వండి. ఆ తరువాత స్పీకర్‌ను గోడకు, బల్లకు దూరంగా నిలువుగా పట్టి ఉంచి, యాంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య 1000 ఓంల రెసిస్టర్‌ను వరుసగా కలపండి. ఫోన్‌లోని టోన్ జనరేటర్ యాప్ సంకేతాన్ని ఇస్తుంది. ముందుగా స్పీకర్ స్థానంలో 10 ఓంల రెసిస్టర్ పెట్టి, దాని కొసల మధ్య ఏసీ వోల్టేజీ 10 మిల్లీవోల్టులు చూపేలా వాల్యూమ్ సరిచేయండి. ఆపైన స్పీకర్‌ను పెట్టి చూస్తే ప్రతి మిల్లీవోల్టూ సుమారు ఒక ఓంకు సమానమవుతుంది.

ఇప్పుడు 20 హెర్ట్జ్ నుంచి పైకి జరుపుతూ పోతే ఒకచోట వోల్టేజీ శిఖరానికి చేరి మళ్లీ పడిపోతుంది. ఆ శిఖరం దగ్గరి పౌనఃపున్యమే స్పీకర్ సహజ అనునాదం, అంటే కోన్ అన్నిటికన్నా సులువుగా ఊగే చోటు. ఆ ఊగు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే సంఖ్యను క్యూ అంటారు; అది ఎక్కువైతే ఊగు ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. డీసీ నిరోధం 6 ఓంలు, అనునాదం 60 హెర్ట్జ్, శిఖరం దగ్గర 54 ఓంలు వచ్చాయనుకుందాం. 54ను 6తో భాగిస్తే 9, దాని వర్గమూలం 3. ఆ 3ను తిరిగి 6తో గుణిస్తే 18 ఓంలు. శిఖరానికి ఇరువైపులా 18 ఓంలు చూపే పౌనఃపున్యాలు 45, 80 హెర్ట్జ్ అనుకుందాం. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే తిరిగి 60 వచ్చింది కాబట్టి కొలత నమ్మదగినదే. యాంత్రిక క్యూ విలువ అంటే 60ను 3తో గుణించి, 80కీ 45కీ ఉన్న తేడా అయిన 35తో భాగించగా వచ్చేది, 5.14. దానిని 9 కన్నా ఒకటి తక్కువైన 8తో భాగిస్తే విద్యుత్ క్యూ 0.64. ఈ రెంటి లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే మొత్తం క్యూ 0.57.

ఇక మిగిలింది, స్పీకర్ అంచు ఎంత గాలికి సమానమైన స్ప్రింగ్‌లా పనిచేస్తుందన్నది. ఘనపరిమాణం తెలిసిన, గాలి చొరబడని పెట్టెకు స్పీకర్‌ను బిగించి అనునాదాన్ని మళ్లీ కొలవాలి. 20 లీటర్ల పెట్టెలో అది 104 హెర్ట్జ్‌కు పెరిగిందనుకుంటే, 104ను 60తో భాగించి వర్గం చేస్తే 3. అందులోంచి ఒకటి తీసి 20తో గుణిస్తే 40 లీటర్లు. ఇది స్థూలమైన లెక్కే అయినా చెక్కపనికి సరిపోతుంది.

పెట్టెను నిర్ణయించడం

మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగ్‌గా వాడుకునే పద్ధతిని ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1 స్పీకర్‌తో నిరూపించారు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలో ప్రచురించిన పత్రాల వల్ల పెట్టె రూపకల్పన లెక్కకు అందే పని అయింది. స్థూలంగా చెప్పాలంటే, మొత్తం క్యూ 0.4 కన్నా తక్కువైతే గొట్టం ఉన్న పెట్టె, 0.4 నుంచి 0.7 మధ్య ఉంటే మూసిన పెట్టె, అంతకు మించితే వెనుక పెట్టే లేని బల్లచెక్క అనుకూలిస్తాయి.

మన ఉదాహరణలోని స్పీకర్ మూసిన పెట్టెకు తగినది. పెట్టెలో చివరికి ఎంత క్యూ కావాలో ఎంచుకుని, దానిని 0.57తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసివేసి, వచ్చిన సంఖ్యతో 40ని భాగించాలి. బాస్ ఎక్కడా ఉబ్బకుండా అత్యంత సమతలంగా పలికే 0.707 కావాలంటే సుమారు 75 లీటర్లు అవసరం. 0.9తో సరిపెట్టుకుంటే 27 లీటర్లు చాలు. రెండోదే నా ఎంపిక. అనునాదం 95 హెర్ట్జ్ చేరువకు పోతుంది, బాస్‌లో కొద్దిపాటి నిండుదనం చేరుతుంది, కానీ ఆ గుమ్మనే మోత ఉండదు. 1.2 దాటితే మాత్రం అది మొదలవుతుంది.

రేడియోల నుంచి తీసిన స్పీకర్లలో చాలావాటి క్యూ 0.7 కన్నా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే అవి వెనుక తెరిచి ఉండే రేడియో పెట్టెల కోసమే తయారయ్యాయి. వాటిని చిన్న పెట్టెలో బంధించడం అన్యాయం. 90 సెంటీమీటర్ల వెడల్పు, అంతకు కొంచెం ఎక్కువ ఎత్తు ఉన్న బల్లచెక్కకు స్పీకర్‌ను బిగించి నిలబెడితే చాలు. వెనుక నుంచి వచ్చే ధ్వని అంచు చుట్టూ తిరిగి ముందు ధ్వనిని రద్దు చేయడం సుమారు 130 హెర్ట్జ్ కింద మొదలవుతుంది. అక్కడి నుంచి బాస్ క్రమంగా తగ్గుతుంది, కానీ గొంతుకు, వాయులీనానికి, వేణువుకు ఆ తెరిపి ఇచ్చే సహజత్వం ఏ పెట్టే ఇవ్వలేదు. స్పీకర్‌ను బల్ల సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి. అన్ని అంచులూ సమదూరంలో ఉంటే ఒకే పౌనఃపున్యం దగ్గర లోపం పేరుకుంటుంది.

చెక్కపని, తీగలు

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. 27 లీటర్లు కావాలంటే, లోపలి అడ్డపట్టీలు, స్పీకర్ ఆక్రమించే చోటు కలుపుకుని 30 లీటర్లకు కట్టాలి. లోపలి కొలతలు 24, 38, 33 సెంటీమీటర్లు అయితే అది వస్తుంది. మూడు కొలతలూ సమానంగా ఉన్న ఘనాకారం వద్దు. రంధ్రాలు కోసేటప్పుడు స్పీకర్‌ను వేరే గదిలో, ముఖం కప్పి ఉంచండి. పెట్టె లోపలి గోడలకు ఉన్ని గానీ పాలిస్టర్ దూది గానీ వదులుగా పరచండి. పాత ఫ్రేములు పల్చని రేకువి కనుక, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. ఒకవైపే బిగిస్తే ఫ్రేమ్ వంగి కాయిల్ రాసుకుంటుంది. ఫ్రేమ్ కింద మెత్తని పట్టీ వేయడం మరవకండి.

పై స్వరాలకు చిన్న ట్వీటర్ చేర్చాలనుకుంటే, దానికి వరుసగా ఒక కెపాసిటర్ ఉంటే మొదటి ప్రయత్నానికి సరిపోతుంది. 8 ఓంల ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్‌లు పెడితే సుమారు 4200 హెర్ట్జ్ పైనున్న ధ్వని దానికి చేరుతుంది. పాత పెట్టెల్లో దొరికిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి విలువ మారి ఉంటాయి కనుక, వాటి స్థానంలో కొత్త ఫిల్మ్ కెపాసిటర్ వేయండి. తీసిన భాగాలలో నేను తిరిగి వాడవద్దని చెప్పేది ఇదొక్కటే.

అంతా బిగించాక కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది నెమ్మదిగా వెనక్కు వస్తే పెట్టె బిగువుగా ఉన్నట్టు, చటుక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. రెండు నెలల తరువాత మెత్తని పట్టీ అణిగి మరలు వదులవుతాయి, వాటిని మరోసారి బిగించాలి. కోన్ బరువుగా ఉన్న పెద్ద స్పీకర్లయితే, అంచు కిందికి జారకుండా రెండు మూడేళ్లకు ఒకసారి విప్పి, తలకిందులుగా తిప్పి మళ్లీ బిగించండి.