మోకాళ్లతో సంధి

అరవై దాటాక పొద్దున్నే మంచం దిగడమే నాకు పెద్ద పనైపోయింది. మోకాళ్లు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే గానీ దారికి వచ్చేవి కావు. "వయసు మీద పడింది మరి" అని అందరూ తేల్చేశారు. ఆ ఓదార్పు నాకు నచ్చలేదు.

పరీక్షించిన డాక్టరు అరుగుదల మొదలైందని చెప్పి, ముందుగా తొడ కండరాలను గట్టిపరచుకోమన్నారు. కారణం సబబుగానే తోచింది. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. పైగా తొడ ముందరి కండరం బలహీనపడితే భారం మోకాలి మీద పడుతుంది.

నాకు బాగా పనిచేసింది కుర్చీ వ్యాయామం. జారని గట్టి కుర్చీని గోడకు ఆనించి, అంచు దాకా జరిగి కూర్చుంటాను. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి. ఒళ్లు ముందుకు వంచి, చేతుల ఊతం లేకుండా లేస్తాను. కూర్చునేటప్పుడు ధబాలున కూలబడకుండా మెల్లగా దిగాలి. కండరానికి అసలు పని అక్కడే. మొదట్లో తొడలు వణికాయి. మోకాలు సలిపిన రోజు కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచేవాణ్ణి.

మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. పక్క కమ్మీ పట్టుకోవడానికి నామోషీ ఎందుకు?

బిగుతు ఇప్పుడు పళ్లు తోముకునేలోగా వదులుతోంది. కుడి మోకాలు మాత్రం ఇంకా కటకటమంటుంది. నొప్పి లేని శబ్దానికి కంగారు పడనక్కర్లేదట. మోకాలు వాచినా, వేడెక్కి ఎర్రబడినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.