నైట్రస్ పాఠాలు – 4: ముల్లు చూపేది పీడనం, నిల్వ కాదు

ఇంజను శక్తి పెంచడానికి కారులో వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ సిలిండర్‌కు, మూడో పాఠం చదివి ప్రెషర్ గేజ్ బిగించుకున్న వారిలో చాలామందికి ఒకే సందేహం వచ్చింది. పొద్దున 750 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర ఉన్న ముల్లు మధ్యాహ్నానికి 1,000 దాటి, రాత్రికి మళ్లీ దిగితే గ్యాస్ కారిపోతున్నట్టేనా? హన్మకొండ పాఠకుడొకరు అలాగే అనుకొని, సిలిండర్ వాల్వును పానాతో బిగించి లోపలి సీలును పాడుచేసుకున్నారు. అందుకే జెట్ల (నైట్రస్, పెట్రోలు ఎంత వెళ్లాలో నిర్ణయించే సన్నరంధ్రాల) ఎంపికను వచ్చే పాఠానికి జరిపి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

సిలిండర్‌లో నైట్రస్ అడుగున ద్రవంగా, పైన ఆవిరిగా ఉంటుంది. ద్రవం కొంచెం మిగిలినా పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే: 20 డిగ్రీల దగ్గర సుమారు 735 పి.ఎస్.ఐ., 30 దగ్గర సుమారు 915. నిండు సిలిండర్, సగం మిగిలిన సిలిండర్ పక్కపక్కన నీడలో పెడితే రెండు గేజ్‌లూ ఒకే అంకె చూపుతాయి. వంటగ్యాస్ బండను తూకం వేసి నిల్వ తెలుసుకున్నట్టే దీన్నీ తూచాలి. వచ్చిన బరువులోంచి సిలిండర్ మీద కొట్టి ఉన్న ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే నైట్రస్.

మన ఎండల్లో దీనికి మించిన చిక్కు ఉంది. 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్‌కు ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు; ఆపైన నిండు సిలిండర్‌లో పీడనం చాలా వేగంగా లేస్తుంది. రోహిణి కార్తెలో ఓరుగల్లు నీడలోనే ఆ హద్దు దాటుతుంది, ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పనక్కరలేదు. జెట్లను సాధారణంగా 950 పి.ఎస్.ఐ. ప్రాంతానికి లెక్కకడతారు. నైట్రస్ పీడనం అంతకన్నా పెరిగినా పెట్రోలు పీడనం పెరగదు కనుక మిశ్రమం పలచబడి, ఇంజను నాక్ కొట్టి (మిశ్రమం అదుపు తప్పి పేలి), పిస్టన్ తల కరుగుతుంది. బరువులో గాలిలో ఆక్సిజన్ 23 శాతమైతే నైట్రస్‌లో 36 శాతం. అందువల్ల ఇక్కడ పొరపాటుకు వ్యవధి సెకన్లే. ఈ కారణంగానే నేను వెట్ సిస్టమ్ (నైట్రస్‌తో పాటే అదనపు పెట్రోలునూ పంపే పద్ధతి) తప్ప మరొకటి వాడను, పెట్రోలు జెట్ కూడా ఒక మెట్టు పెద్దదే వేస్తాను.

కిట్‌తో వచ్చే పుస్తకాలు సిలిండర్ హీటర్ గురించి పేజీలకు పేజీలు చెబుతాయి. అవి చలిదేశాల కోసం రాసినవి. మార్చి నుంచి జూన్ వరకు హీటర్ ఫ్యూజు తీసేసి, సిలిండర్‌పై తడి గోనెసంచి కప్పండి. చలికాలంలో కూడా మంటతో వేడిచేయడం ప్రాణాంతకం. పీడనం హద్దు మీరితే పగిలే సేఫ్టీ డిస్క్ గొట్టాన్ని కారు బయటికే తీయాలి. క్యాబిన్‌లోకి వదిలితే నైట్రస్ ఆక్సిజన్‌ను తోసేసి ఊపిరాడనివ్వదు.

యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే నైట్రస్ వదిలే ఫుల్ థ్రాటిల్ స్విచ్, 3,000 ఆర్.పి.ఎం. కింద నైట్రస్ తెరుచుకోనివ్వని విండో స్విచ్ ఇప్పటికే బిగించి ఉంటారు. ఇది మూసిన ట్రాక్ మీది విద్య. రోడ్డు బండిలో ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు.

అభ్యాసం: ఇంజను ముట్టవద్దు. వాల్వు మూసి, లైన్‌లోని గ్యాస్‌ను ఆరుబయట వదిలి, సిలిండర్ విప్పి నీడలో ఉంచండి. వారం పాటు రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత, గేజ్ అంకె, బరువు రాయండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దుకాణాల్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా సరిపోతుంది. ముల్లు ఎంత తిరిగినా బరువు కదలకూడదు. అది తగ్గితేనే కారుతున్నట్టు. అప్పుడు వాల్వు కాడ దగ్గర సబ్బునీళ్లు పూసి బుడగలు చూడండి. ఈ పట్టిక పూర్తిచేయనివారు ఐదో పాఠంలోని జెట్లు బిగించవద్దు.